పడుకున్న ముల్లు

రబ్బరు తోటల దగ్గర మలుపు తిరుగుతూ తవోంగా మళ్ళీ మీటరు అద్దం మీద గోటితో కొట్టింది. పెట్రోలు ముల్లు కదల్లేదు. ఎప్పటిలాగే ఖాళీ గీత మీద పడుకునే ఉంది. ట్యాంకు నిండా పోయించినా అది అక్కడే, అడుగంటినా అక్కడే. అయినా చెయ్యి ఊరుకోదు. మలుపు మలుపుకీ ఒకసారి కొట్టి చూడకపోతే ఆమెకు ఊపిరాడదు.

“ఎందుకమ్మా న్యాలోంగ్వే, దాన్ని అస్తమానం పొడుస్తావు? కొడితే లేస్తుందా అది,” అంది పక్క సీట్లో ఉన్న ముసలావిడ న్యాజివు. పెళ్ళయిన ఆడదాన్ని పుట్టింటి పేరుతో పిలవడం అక్కడి మర్యాద. తవోంగా లోంగ్వేల ఆడపడుచు.

“కళ్ళు కనబడవంటావు. నేను కొట్టింది ఎట్లా తెలిసింది అవ్వా?”

“పొరలొచ్చింది కళ్ళకి, చెవులకి కాదుగా. నువ్వు టక్కుటక్కుమంటుంటే ఇక్కడ నా గుండె దడదడమంటోంది.”

న్యాజివుది వాళ్ళ వీధే. ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తే ఇప్పటికి మ్జూజు పట్నం ఆస్పత్రికి కంటి డాక్టర్లు వచ్చారు. ఆపరేషన్లకు ఇవాళే ఆఖరు. అందుకని తవోంగా వెనక ఎండు ఉసిపా చేపల బస్తాలూ, ముందు సీట్లో ఈ అవ్వనూ వేసుకుని తెల్లారగానే సరస్సు ఒడ్డునున్న తమ ఊరు న్ఖాటా బేలో బయల్దేరింది. ఒడ్డు వదిలితే మ్జూజు దాకా అంతా కొండ ఎక్కుడే.

ఆ పాత స్టేషన్ వ్యాగన్ ఆమె భర్త సుజ్గోది. ఏళ్ళ తరబడి దాన్ని టాక్సీగా తిప్పాడు. పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు ఈడ్చుకుంటూ కర్ర పట్టుకుని నడవాల్సి వచ్చింది. అప్పుడు స్టీరింగు తవోంగా చేతికొచ్చింది. నేర్పింది అతనే, వాకిట్లో పీట మీద కూర్చుని, “క్లచ్చి మీద కాలు పెట్టమన్నాను గాని ఎక్కి నిలబడమన్నానా” అని వీధి వీధంతా వినబడేలా అరుస్తూ.

ముల్లు పాడై చాలా కాలమైంది. సుజ్గోకి దానితో పనే లేకపోయింది. కారు బంపరు పట్టుకుని ఊపితే ట్యాంకులో పెట్రోలు అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు విని, ఎంతుందో చెప్పేవాడు. ఇప్పుడు ఊపే పని తవోంగాది, వినే పని అతనిది. రోజూ పొద్దున్నే ఆమె బంపరు ఊపుతుంది. అతను పీట మీద కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి వింటాడు. “పోయి రావచ్చు” అంటాడు, లేదా “ఇవాళ పోయించుకో” అంటాడు. పెట్రోలు కరువు రోజులు. బంకు ముందు వరసలో నిలబడితే పూటకు పూట పోతుంది. అందుకని అతని మాట మీదే ఆమె రోజు నడిచేది. ఆ పొద్దున అతను “బోలెడుంది, పోయి రావచ్చు” అన్నాడు.

ఎక్కుడు సగం అయ్యేసరికి ఇంజను రెండుసార్లు దగ్గింది. తవోంగా గేరు తగ్గించింది. మూడోసారి దగ్గి, ఒళ్ళంతా ఒక్క కుదుపు కుదిపి, ఆగిపోయింది.

తాళం తిప్పింది. గరగరమంది గాని అంటుకోలేదు. దిగి, చక్రం కింద రాయి పెట్టి, ముందుకీ వెనక్కీ నడిచింది. చెట్ల మీద సన్నగా తుంపర మొదలైంది. డిక్కీ తలుపు సరిగ్గా పడదు, బస్తాలు తడుస్తాయి. వాటి మీద తను బట్టల మీద చుట్టుకునే చితెంజే గుడ్డ కప్పి మళ్ళీ రోడ్డు మీదికి వచ్చింది. కలప లారీ ఒకటి ఆగింది గాని దానిది డీజిలు, క్యాబిన్లో ఇంకొకరికి చోటు లేదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న ఆమెను న్యాజివు కిటికీలోంచి పిలిచింది.

“నువ్వు అట్లా తిరిగితే పెట్రోలు పుడుతుందా? వచ్చి కూర్చో.”

“ఇవాళ ఆఖరు రోజు అవ్వా.”

“నాకు తెలీదూ.”

చివరికి కింది నుంచి మోటారు సైకిలు టాక్సీ ఒకటి వచ్చింది. జన్మలో మోటారు సైకిలు ఎక్కనని ఒట్టు పెట్టుకున్న న్యాజివు లంగా ఎగదోసుకుని, ఆ పిల్లాడి నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకుంది. “పడేశావంటే నీ పెళ్ళి నాటికి దెయ్యమై వస్తాను,” అంటూ మలుపు దాటి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం దాటాక అదే కుర్రాడు సీసాతో పెట్రోలు తెచ్చి, అవ్వను వేళకే దించానని చెప్పేదాకా తవోంగా గుండె గుండెలో లేదు. తడిసిన చేపను వచ్చినకాడికి అమ్మి చీకటి పడేలోగా ఇంటికి చేరింది.

సుజ్గో కర్రపెండలం పిండితో చేసిన న్సీమా ముద్ద ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

“ఎందుకింత ఆలస్యం?”

“ఎక్కుడు మీద ఆగిపోయింది. పెట్రోలు లేదు.”

“లేకపోవడమేంటి? పొద్దున ఉంది. నువ్వు యాక్సిలరేటరు తొక్కి తొక్కి తాగించి ఉంటావు.”

“నేను ఎప్పుడూ పోయేట్టే పోయాను ఖుంబో నాన్నా,” అంది, దూరాన చదువుకుంటున్న కొడుకు పేరుతో భర్తను పిలిచే అలవాటు కొద్దీ. “ఆ ముల్లు బాగు చేయించుకుందాం. మనసు నిలవడం లేదు నాకు.”

“ముల్లు ముల్లు అని ప్రాణం తీస్తావు. ఇన్నేళ్ళూ నేను ఏ ముల్లు చూసి నడిపాను? నా మాట కంటే ఆ రేకు ముక్క ఎక్కువైందా నీకు?” అన్నాడు. పళ్ళెం ఎడమ చేత్తో పక్కకు నెట్టేశాడు.

తవోంగా ఆ రాత్రి నిద్రపోలేదు. అతను ఎప్పుడూ పొరబడలేదు. మరి ఇవాళేమయింది? పక్క మీద అటూ ఇటూ దొర్లుతూ, పొద్దున అతను తల వాల్చి విన్న తీరు గుర్తు తెచ్చుకుంది. వాకిట్లో పక్కింటివాళ్ళ మేకలు అరుస్తున్నాయి, రేడియో మోగుతోంది. ఆ గోలలో ఏం విన్నాడు? ఒక ఆలోచన వచ్చింది. దాన్ని తోసేసింది. అది మళ్ళీ వచ్చింది.

పొద్దున లేచి, అతను పీట మీద సర్దుకుని కళ్ళు మూసుకున్నాక, కారు వెనక్కి వెళ్ళి బంపరు మీద రెండు చేతులూ ఆనించింది. ఊపలేదు. ఊరికే నిలబడింది. కారు కొంచెం కూడా కదల్లేదు.

సుజ్గో తల ఒక పక్కకు వాల్చాడు. కాసేపు విన్నాడు.

“అడుగున కొంచెం ఉంది. ఇవాళ పోయించుకో,” అన్నాడు.

ఆమె బంపరు వదిలేసింది. లోపలికి వెళ్ళి, నీళ్ళ కుండ ముందు నిలబడి, ఏం చేయడానికి వచ్చిందో మరిచిపోయింది. ఇన్ని నెలలుగా అతను వినడం లేదన్నమాట. తను ఎన్నిసార్లు మ్జూజు వెళ్ళిందో, ఎప్పుడు పోయించిందో మనసులో లెక్క వేసుకుని చెప్తున్నాడు. లెక్క ఎందుకు తప్పిందో కూడా ఆమెకు అప్పుడే తట్టింది. ఆ వారం అతను నిద్రపోతున్నప్పుడు చావింటివాళ్ళను చింతేచే ఊళ్ళో దించి వచ్చింది. ఎలాగూ వింటాడు గదా అని చెప్పలేదు. కోప్పడాలో, ఏడవాలో తెలియలేదు. ఈ మనిషి ఊహ మీద ఆధారపడి, ఎన్ని మలుపులు తిరిగింది, ఎన్ని వానల్లో!

అతనితో ఆ సంగతి అనలేదు. పెట్లోంచి స్క్రూడ్రైవరూ పానాలూ తీసి అతని ముందు పెట్టింది.

“ముల్లు బాగుచేద్దాం. మెకానిక్కు దగ్గరికి వద్దు. మీరు చెప్పండి, నేను చేస్తాను.”

సుజ్గో ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

“ముందు జబ్బు ముల్లుదా, ట్యాంకులోదా తేల్చాలి,” అన్నాడు. “డిక్కీలో చాప ఎత్తు. గుండ్రటి రేకు మూత ఉంటుంది. దాని కింద రెండు తీగలుంటాయి. ముల్లు దాకా పోయే తీగ ఊడదీసి, కారు ఒంటికి ఆనించు. ఎవరో ఒకళ్ళు ముందు కూర్చుని ముల్లు చూడాలి.”

ముందు కూర్చోడానికి ఇంట్లో ఉన్నది అతనొక్కడే. జబ్బు చేశాక అతను ఆ సీట్లో కూర్చోలేదు. కుడి కాలును ఎడమ చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని, మెల్లగా స్టీరింగు వెనక సర్దుకుని తాళం తిప్పాడు. తవోంగా వెనక వంగి తీగ ఆనించింది.

“లేచిందా?”

జవాబు లేదు.

“ఖుంబో నాన్నా, లేచిందా?”

జవాబు లేదు. ఆమె తల పైకెత్తి చూసింది. అతని వీపు కదలడం లేదు. పరుగున ముందుకు వెళ్ళింది. సుజ్గో ఎడమ చెయ్యి స్టీరింగు మీద వేసి, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

“పిలుస్తుంటే పలకరేంటి?”

“ఆఁ? పద, మళ్ళీ పెట్టు. ఇందాక సరిగ్గా చూడలేదు,” అన్నాడు. మళ్ళీ పెట్టింది. ఈసారి “లేచింది, నిండుగా లేచింది” అని కేక వేశాడు. “ముల్లు బాగానే ఉంది. ట్యాంకులో ఫ్లోటు మునిగిపోయింది.”

ఆ తరువాత అతను పాత సుజ్గో అయిపోయాడు. బ్యాటరీ తీగ ఊడదీయమన్నాడు. పొయ్యి ఆర్పించాడు. ఫోను లోపల పెట్టి రమ్మన్నాడు. మూత తిప్పడానికి ఆమె సుత్తి ఎత్తితే, “మన కొంపా, పక్క కొంపా కలిపి లేపుతావా? ఇనుము కొడితే నిప్పురవ్వ లేస్తుంది. కర్ర ముక్కతో కొట్టు,” అని తిట్టాడు. చెమటలు కక్కుకుంటూ కొట్టి కొట్టి, చివరికి ఆమె బయటికి లాగింది. వంకర కడ్డీ, దాని చివర పెట్రోలు మీద తేలే ఇత్తడి బుడ్డి. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. చెవి దగ్గర ఊపితే లోపల గలగలమంది. ఎక్కడో సన్నటి చిల్లు పడి, పెట్రోలు లోపలికి చేరి, తేలాల్సిన బుడ్డి కాస్తా మునిగి కూర్చుంది.

“దీన్ని ఖాళీ చేసి, చిల్లుకు మాటు వేయాలి,” అన్నాడు సుజ్గో. “మాటు నేను వేస్తాను. ఎడమ చేత్తో వేయగలను.”

తవోంగా ఆ చెయ్యి వైపు చూసింది. చెంచా పట్టుకుంటేనే వణుకుతుంది అది. పైగా ఇప్పుడు అతను ఏం చెప్పినా లోపలి నుంచి ఒక గొంతు, ఇదీ ఊహేనా అని అడుగుతోంది.

“అంత శ్రమెందుకు? వలలకు కట్టే తెల్ల థర్మోకోలు బెండు ఉంది గదా. తేలడమే గదా కావలసింది. అది కట్టేస్తాను.”

“పెట్రోలు దాన్ని తినేస్తుంది న్యాలోంగ్వే.”

“సరస్సులో ఏళ్ళ తరబడి తేలుతోంది అది.”

“సరస్సులో ఉన్నది నీళ్ళు. నా మాట విను.”

వినలేదు. బెండు ముక్క కోసి, తీగతో గట్టిగా కట్టి, కడ్డీని మళ్ళీ ట్యాంకులో దించి మూత బిగించింది. పక్కింటివాళ్ళ దగ్గర ఒక డబ్బా పెట్రోలు బదులు తెచ్చి పోసింది. తాళం తిప్పితే ముల్లు మెల్లగా, బద్ధకంగా, ఖాళీ గీత వదిలి పైకి లేచింది. ఆమెకు ఆనందం పట్టలేదు. “చూశారా?” అంది. సుజ్గో గోడ నీడలోకి కర్ర పొడుచుకుంటూ వెళ్ళి కూర్చున్నాడు.

ఆమె కర్రపెండలం పిండి గిలకొట్టి ముద్ద చేసి, ఇద్దరికీ వడ్డించి, తిని, చేయి కడుక్కుని వచ్చి తాళం తిప్పింది. ముల్లు ఖాళీ గీత మీద పడుకుని ఉంది.

మూత తెరిస్తే కడ్డీ చివర బెండు లేదు. తెల్లటి జిగురు ఒకటి వేలాడుతోంది, ముక్కు చీమిడిలా. మిగిలింది ట్యాంకు అడుగున పేరుకుంది. తవోంగా దాన్ని చూస్తూ నిలబడింది. సుజ్గో కర్ర చప్పుడు వెనకే వచ్చి ఆగింది. అతనూ తొంగి చూశాడు.

“బాగా తిన్నట్టుంది,” అన్నాడు. “మనకంటే ముందే భోంచేసింది.”

ఆమెకు నవ్వు రాలేదు. తరువాత, ట్యాంకులో చెయ్యి దూర్చి కర్రకు గుడ్డ చుట్టి ఆ జిగురంతా తుడుస్తూ తుడుస్తూ ఉండగా, ఎందుకో వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది కూడా. పెట్రోలు ఘాటు కళ్ళకు తగిలిందని చెప్పింది. ఈ మనిషి వినబడనిది విన్నానన్నాడు. నిజంగా తెలిసింది చెప్తే తను నమ్మలేదు.

మర్నాడు చేపల పని మానేసి కూర్చున్నారు. కారుకు దూరంగా, సరస్సు ఒడ్డున ఇసుకలో కుంపటి పెట్టమన్నాడు సుజ్గో. కాగిన నీళ్ళలో ఇత్తడి బుడ్డి ముంచితే ఒక మూల నుంచి సూది మొనంత బుడగలు దారంలా లేచాయి. అదీ చిల్లు. వేడికి లోపలి పెట్రోలు కూడా కొద్దికొద్దిగా బయటికి వస్తుందన్నాడు. ముంచడం, తీయడం, ఎండలో పెట్టడం. మళ్ళీ ముంచడం. తవోంగా కూర్చోలేక లేస్తోంది, లేచి మళ్ళీ కూర్చుంటోంది. పడవలు ఒడ్డుకు వస్తున్నాయి. తన వాటా చేప ఎవరు కొంటున్నారో అని మెడ చాచి చూస్తోంది.

మాటు వేసే కడ్డీ బొగ్గుల్లో ఎర్రబడింది. సుజ్గో బుడ్డిని ఎండలోంచి తీశాడు. పట్టకారుతో దాన్ని పట్టుకోవలసింది తవోంగా. వేడి తగిలేది ఆమె చేతుల మధ్య. ఆమె పట్టకారు చాచింది.

అతను ఇవ్వలేదు. బుడ్డిని చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. ఒకసారి చెవి దగ్గరికి తీసుకెళ్ళాడు. దించాడు. మళ్ళీ ఆమె వైపు చాచాడు.

“నువ్వు ఊపి చూడు. లోపల ఇంకా ఏమైనా మిగిలిందేమో.”

“మీరు చూశారుగా.”

“చుక్క మిగిలినా పేలుతుంది. నీ మొహం మీద పేలుతుంది.” అతను సరస్సు వైపు చూస్తూ అన్నాడు. “నాకు వినబడదు న్యాలోంగ్వే. జబ్బు చేసినప్పటి నుంచీ చెవుల్లో ఒకటే హోరు. మనుషుల మాటలు మూతి చూసి, కేకలు వేస్తే విని, ఎలాగో అందుకుంటున్నాను. ఇట్లాంటి చిన్న చప్పుడు వినబడదు.”

తవోంగా బుడ్డిని తీసుకుని చెవి దగ్గర ఊపింది. లోపల సన్నగా ఏదో కదిలింది. మళ్ళీ వేడినీళ్ళలో వేసింది.

“తెలుసు,” అంది, అతనికి మొహం కనబడేలా తిరిగి.

“ఎప్పటి నుంచి?”

“నిన్న పొద్దున నేను కారు ఊపలేదు.”

అతను కర్రతో ఇసుకలో గీత గీశాడు, చెరిపాడు.

“మరి ఆ పానాలు తెచ్చి నా ముందెందుకు పెట్టావు?”

“ఇంకెవరి ముందు పెట్టను? ముల్లు ఎట్లా లేస్తుందో మీకు తెలుసు. వినబడదని ఒక్క మాట చెబితే పోయేదా? ఆ అవ్వ కన్ను పోయుంటే?”

“చెబితే నాకు ఈ ఇంట్లో మిగిలేదేంటి?” అన్నాడు సుజ్గో. “బండి నీది, చేప నీది, బజారు నీది. పొద్దున లేచి నువ్వు నన్ను ఒక్క మాట అడుగుతావు గదా. ఆ ఒక్కటీ పోతుందని చెప్పలేదు.”

“నేను చింతేచే వెళ్ళొచ్చాను. మీకు చెప్పలేదు.”

“అదా సంగతి.” అతను తల పంకించాడు. “నా లెక్క తప్పదే, ఎక్కడ తప్పిందా అని రెండు రోజులుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను.”

ఎండ నడినెత్తికి వచ్చాక బుడ్డి ఎంత ఊపినా చప్పుడు లేదు. తవోంగా రెండు చెవుల దగ్గరా పెట్టి ఊపింది. నమ్మకం కుదరక మూడోసారి కూడా ఊపింది. అప్పుడు పట్టకారుతో పట్టుకుంది. సుజ్గో కడ్డీని ఎడమ చేత్తో అందుకున్నాడు. ఆమె మోచేతి మీద తన మణికట్టు ఆనించుకుని, పళ్ళు కరుచుకుని, సీసం కరిగించి చిల్లు మీద చుక్క వేశాడు. ఒక చుక్క జారి ఆమె బొటనవేలి మీద పడింది. ఆమె అబ్బా అనలేదు, పట్టు వదల్లేదు. మాటు అందంగా లేదు, పొక్కులా ఉబ్బెత్తుగా ఉంది. మళ్ళీ వేడినీళ్ళలో ముంచితే బుడగ రాలేదు.

సాయంత్రానికి ముల్లు లేచింది. ఆ రాత్రి పడుకోబోయే ముందూ, మర్నాడు తెల్లారుతూనే కూడా తవోంగా వెళ్ళి తాళం తిప్పి చూసింది. లేచే ఉంది. వేలు మండుతున్నా చూడకుండా ఉండలేకపోయింది. నిజం చెప్పే వస్తువు మీద కూడా నమ్మకం కుదరడానికి రోజులు పడతాయేమో అనుకుంది.

పొద్దున బస్తాలు ఎత్తి డ్రైవరు సీట్లోకి వచ్చేసరికి పక్క సీట్లో సుజ్గో ఉన్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

“మీరెక్కడికి?”

“ఎక్కుడు మీద అది ఏం చూపిస్తుందో చూడాలి.”

రబ్బరు తోటల దగ్గర కారు ముక్కు పైకెత్తగానే ముల్లు సర్రున కిందికి జారింది. తవోంగా గబుక్కున బ్రేకు మీద కాలు వేసింది.

“పోనీ, పోనీ,” అన్నాడు సుజ్గో. “ఎక్కుడులో పెట్రోలు వెనక్కి జరుగుతుంది. చదును మీద చూడాలి దాన్ని, ఎక్కుడు మీద కాదు.” చదునుకు రాగానే ముల్లు మళ్ళీ లేచింది. అతను తృప్తిగా వెనక్కి వాలి, ఆమె గేర్లు మార్చే తీరును మ్జూజు దాకా తిడుతూనే ఉన్నాడు.

బంకు దగ్గర బళ్ళ వరస రోడ్డు మలుపు దాకా ఉంది. ముల్లు పావు చూపిస్తోంది. ఇవాళ పోయించుకోకపోతే రేపు కుదరదు, ఇక్కడ నిలబడితే చేపల బజారు వేళ దాటిపోతుంది. తవోంగా స్టీరింగు మీద వేళ్ళు ఆడిస్తూ ముందుకీ వెనక్కీ చూస్తుంటే, సుజ్గో కర్ర తీసుకుని దిగాడు. ఎదర ఒక మినీబస్సు డ్రైవరు వరస తప్పించి దూరుతున్నాడు. సుజ్గో వెళ్ళి దాని ముందు నిలబడ్డాడు.

“సుజ్గో అన్నా?” అన్నాడు ఆ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి. “నువ్వు పోయావని చెప్పారే నాకు.”

“పోయాను. పైన కూడా పెట్రోలు లేదన్నారు, తిరిగొచ్చాను. బండి వెనక్కి తియ్యి,” అన్నాడు సుజ్గో.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పాత టాక్సీవాళ్ళు ఒక్కొక్కరే దిగి వచ్చారు. తవోంగా హారను కొట్టింది. అతను వెనక్కి వచ్చి డ్రైవరు వైపు తలుపు తీశాడు.

“నువ్వు దిగు. బస్తాలు కూలివాడి నెత్తిన పెట్టించుకుని బజారుకు పో. వరస నేను చూసుకుంటాను.”

“కారు ముందుకెట్లా జరుపుతారు?”

“వీళ్ళున్నారు తోయడానికి. తిప్పడానికి నాకొక చెయ్యి ఉంది.”

ఆమె దిగింది. చేపల కూలివాడి వెనక రెండడుగులు వేసి తిరిగి చూసింది. నలుగురు మనుషులు కారును వెనక నుంచి తోస్తున్నారు. సుజ్గో ఎడమ చేత్తో స్టీరింగు తిప్పుతూ, కిటికీలోంచి తల బయటపెట్టి, సరిగ్గా తోయడం చేతకాదని వాళ్ళను తిడుతున్నాడు.